మలుపు దగ్గర ఆగిన జోరీగ

ఒకప్పుడు పరుగెత్తే కుక్క వెనక్కి తిరిగి చూసేది కాదు.

మెడ తిరక్క కాదు. ఒళ్ళు నాక్కోవడానికీ, తోక మొదట్లో దురదపెడితే కొరుక్కోవడానికీ మెడ బాగానే తిరిగేది. కానీ ఒకసారి పరుగు అందుకుందంటే ముక్కు ఎటుంటే లోకం అటే. వెనక ఎవరున్నారు, ఎక్కణ్ణుంచి వచ్చాం అన్న ధ్యాసే ఉండేది కాదు. విప్పిన కుక్క విప్పినట్టే పోయేది. అందుకని ఆ రోజుల్లో కుక్క ఉన్న ప్రతి ఇంటి ముందూ ఒక గుంజ ఉండేది, గుంజకు ఒక తాడు ఉండేది.

కట్టేసిన కుక్క ఏం చేస్తుంది? మొరుగుతుంది. నేల తవ్వుతుంది. తాడు కొరుకుతుంది. దారినపోయేవాళ్ళ పంచె పట్టుకుంటుంది.

ఈ గోల చూసి చూసి, ఒక కొండ కింది పల్లెలో గురవమ్మ అనే ఆమె ఒక పని మొదలుపెట్టింది. తెల్లవారగానే ఇంటింటికీ వెళ్ళి కుక్కల్ని వెంటబెట్టుకుని కొండ దారి ఎక్కేది. అక్కడ తాళ్ళు విప్పేసేది. ఎండ ముదిరేలోగా అన్నిటినీ ఇళ్ళకు చేర్చేది. అంతసేపు ఉరికి వచ్చిన కుక్కలు సాయంత్రం దాకా గురకపెట్టి పడుకునేవి. పల్లె ఊపిరి పీల్చుకునేది. గురవమ్మకు తిండి గింజలు పల్లెవాళ్ళే ఇచ్చేవారు. అదే ఆమె వృత్తి, వేరే పని లేదు.

అయితే అడిగిన ప్రతి కుక్కనూ ఆమె కొండకు తీసుకుపోయేది కాదు. పిలిస్తే వెనక్కి రావడం ముందు నేర్పేది. నేర్చుకున్నదే వచ్చేది. అట్లా ఏడు కుక్కలు తయారయ్యాయి.

ఎనిమిదోది జోరీగ.

జోరీగ కుమ్మరి ఓబులమ్మ పెంచుతున్న ఆడకుక్క. ఒక చెవి నిలబడి ఉండేది, ఒక చెవి వాలి ఉండేది. కుదురు అనేది దాని ఒంట్లో ఏ మూలా లేదు. నిద్రలో కూడా కాళ్ళు ఆడిస్తూ ఉండేది. ఇప్పటికి మూడు తాళ్ళు కొరికింది. కొరికిన ప్రతిసారీ వాకిట్లో ఆరబెట్టిన పచ్చి కుండల మీదుగా పరుగెత్తింది.

మూడోసారి ఓబులమ్మ దాన్ని మెడ పట్టుకుని గురవమ్మ ఇంటికి తెచ్చింది.

"అక్కా, నాకు ఓపిక అయిపోయింది. మొన్న కూజాలు, నిన్న మూకుళ్ళు. కమ్మరి చేత ఇనప గొలుసు చేయించాను. నువ్వు దీన్ని దారికి తెచ్చావా, సరే. లేదా, గొలుసు వేస్తాను. అది కొరికితే తెగేది కాదు."

"ఎన్నాళ్ళు వేస్తావు?"

"బతికినన్నాళ్ళు."

జోరీగకు ఆ మాట అర్థమైంది. అర్థమయ్యేసరికి దాని కాళ్ళు ఇంకా ఎక్కువ ఆడాయి.

మర్నాడు గురవమ్మ దాన్ని తన వాకిట్లో కూర్చోమంది. జోరీగ కూర్చుంది. లేచింది. ఒక తూనీగ వెంట పోయింది. తాడు బిగుసుకుని వెల్లకిలా పడింది.

"ఎక్కడికే?" అంది గురవమ్మ.

"ఎక్కడికీ లేదు. కాళ్ళు పోతున్నాయి, నేనూ పోతున్నాను."

"పోనీ. చెవులు మాత్రం నా దగ్గర పెట్టి పొమ్మను. విను, ఒక్కసారే చెబుతాను. నేను 'హో' అని పిలుస్తాను. పిలిచిన చోటే నిలబడతాను, అంగుళం కదలను. నువ్వే రావాలి. రెండోసారి పిలవను."

"ఒక్కసారికి వినబడకపోతే?"

"రెండోసారి పిలుస్తానని తెలిస్తే మొదటిసారి ఎవరికీ వినబడదు."

అట్లా మొదలైంది. వాకిట్లో పిలిస్తే వచ్చింది. వచ్చినప్పుడల్లా కొంగున కట్టిన ఎండుచేప ముక్క ఒకటి దొరికేది. తర్వాత కోళ్ళ మధ్య వదిలి పిలిచింది. తర్వాత ఏటి ఇసుకలో, తాడు చివర వదిలేసి, అది ఈడ్చుకుంటూ తిరుగుతుంటే పిలిచింది. ఆ తర్వాత ఏడు కుక్కల్లోకీ పెద్దదైన బూడిదను తోడిచ్చింది. బూడిద ముసలి మగకుక్క, మాట తక్కువ.

"నా మొహం మీదికి ఎగరకు పిల్లా," అంది బూడిద మొదటిరోజే. "ఎదురుపడ్డ కుక్క దగ్గరకు పక్కనుంచి చుట్టి రావాలి. సూటిగా వస్తే కొట్లాటకు వచ్చావనుకుంటారు."

"చుట్టి రావాలంటే ఆలస్యం కదా తాతా."

"కరిపించుకుంటే ఇంకా ఆలస్యం."

నెల తిరిగేసరికి జోరీగ అన్నీ నేర్చింది. కుదురు మాత్రం రాలేదు. దానికి అది ఎవరూ నేర్పలేదు.

కొండకు వెళ్ళే రోజు ఓబులమ్మ కూడా బయల్దేరింది, భుజాన గొలుసు వేసుకుని. "నా కళ్ళతో చూస్తేనే నమ్ముతాను," అంది. దారి పొడుగునా గొలుసు ఘల్లు ఘల్లుమంటూనే ఉంది. ఘల్లుమన్నప్పుడల్లా జోరీగ వాలిన చెవి కూడా నిక్కబొడుచుకుంది.

కొండ దారి కొంత ఎక్కాక గురవమ్మ ఆగింది. "కదలకుండా నిలబడ్డవాళ్ళ తాడే విప్పుతాను," అంది.

బూడిద తాడు ముందు విప్పింది. తర్వాత ఒక్కొక్కటే. జోరీగ నాలుగు కాళ్ళూ నేలకు అదిమిపెట్టి వణికింది. తోక ఆపితే చెవులు ఆడాయి, చెవులు ఆపితే ముక్కు ఆడింది. అన్నిటికన్నా ఆఖర్న, ఒక్క ఊపిరంత సేపు అన్నీ ఆగాయి. గురవమ్మ టక్కున ముడి విప్పింది.

జోరీగ పోయింది.

ఒక మలుపు, రెండు మలుపులు, ఒక బండ, రెండు పొదలు. గడ్డి పొట్టకు తగులుతోంది. గాలి నోట్లోకి వస్తోంది. బూడిద ఎక్కడో కేక పెట్టింది, "మరీ ముందుకు పోకు పిల్లా." ఆ మాట వెనకే ఉండిపోయింది. పొదలోంచి ఒక చెవులపిల్లి లేచింది. ఇంకేముంది, చెవులపిల్లి ముందు, జోరీగ వెనక. మూడో మలుపు, నాలుగో మలుపు, ఒక లోయ.

అప్పుడు వినబడింది. "హో."

జోరీగ ఆగింది. నేర్చుకున్నది మర్చిపోలేదు. చెవులపిల్లిని వదిలేసింది. పిలుపు ఎడమ నుంచి వచ్చింది కాబట్టి ఎడమకు పరుగెత్తింది.

"హో," అంది కుడి పక్క. కుడికి తిరిగింది.

"హో," అంది ఎదురుగా, ఇంకా దూరంగా. ఎదురుగా ఉరికింది. ఎదురుగా నల్లటి రాతిగోడ తప్ప ఏమీ లేదు.

"గురవమ్మ ఏది?" అంది జోరీగ రొప్పుతూ.

"నాకేం తెలుసు?" అంది కొండ. "పొద్దస్తమానం ఒకేచోట కూర్చుంటే నాకు మాత్రం తోచొద్దూ? ఎవరో ఒక మాట విసిరారు. పట్టుకుని నాలుగు పక్కలా తిరగ్గొట్టాను."

"అందులో అసలుది ఏది?"

"అన్నీ ఒకేలా ఉంటాయి. అందులోనే ఉంది నా పనితనం."

గురవమ్మ నేర్పింది వాకిట్లో, ఏటి ఇసుకలో. అక్కడ పిలుపు ఒక్క పక్కనుంచే వస్తుంది. కొండ సంగతి ఆమె చెప్పలేదు. మిగతా ఏడు కుక్కలూ ఇంత దూరం ఎప్పుడూ రాలేదు కాబట్టి చెప్పే పనీ పడలేదు.

జోరీగ ముక్కెత్తింది. "గాలీ, గురవమ్మ వాసన ఏమైనా ఉందా నీ దగ్గర?"

"ఇందాక ఉండేది," అంది గాలి. "అప్పుడు కింద నుంచి పైకి వీచాను. ఇప్పుడు పై నుంచి కిందికి వీస్తున్నాను. ఒకచోట నిలబడటం నావల్ల అవుతుందా? నీకు తెలియదా ఆ బాధ?"

తెలుసు కాబట్టి జోరీగ ఎత్తిన ముక్కు దించేసింది.

సరే, వచ్చిన దారినే పోదామనుకుంది. వెనుదిరిగింది. దారి లేదు. అంటే ఉంది, కానీ అది వచ్చిన దారిలా లేదు. వచ్చేటప్పుడు గుండ్రంగా కనబడ్డ బండ ఇటువైపు నుంచి కోసుగా ఉంది. వచ్చేటప్పుడు పూలతో ఉన్న పొద ఇటువైపు ఎండిపోయి ఉంది. దారి రెండుగా చీలి ఉంది. వచ్చేటప్పుడు ఒక్కటే అనుకుంది. జోరీగ ఒక దారిన నాలుగు అడుగులు వేసి వెనక్కి వచ్చింది. ఇంకో దారిన నాలుగు అడుగులు వేసి వెనక్కి వచ్చింది. పొద్దెక్కుతోంది. ఎక్కడో గొలుసు ఘల్లుమన్నట్టే ఉంది. నిజంగా మోగిందో, చెవుల్లో మోగిందో తెలియలేదు.

"ఏం, వెతుకుతున్నావా?" అన్నారెవరో.

చెవులపిల్లి. ఒక రాతి మీద కూర్చుని మొహం తుడుచుకుంటోంది.

"నిన్ను కాదులే," అంది జోరీగ.

"అది తెలుస్తూనే ఉంది. నన్నెందుకు పట్టుకోలేకపోయావో తెలుసా? నా కళ్ళు పక్కలకు ఉంటాయి. ముందుకు పరుగెత్తుతూనే వెనక నువ్వెక్కడున్నావో చూస్తూ ఉంటాను. నువ్వేమో నీ వెనక ఎవరున్నారో చూసుకోలేదు. ఇప్పుడు ఈ బండ ఏదో, ఆ పొద ఏదో గుర్తుపట్టలేకపోతున్నావు."

"నా కళ్ళు ముందుకే ఉన్నాయి. నేనేం చెయ్యను?"

"మెడ ఎందుకుంది?"

అని చెవులపిల్లి గడ్డిలోకి దూకి మాయమైంది. పగవాళ్ళకు అంతకన్నా చెప్పే అలవాటు దానికి లేదు.

జోరీగ ఆ రాయే ఎక్కింది. మెడ ఈ పక్క చివరిదాకా తిప్పి చూసింది, ఆ పక్క చివరిదాకా తిప్పి చూసింది. కిందికి, చాలా కిందికి, మలుపు పక్కన ఆవగింజంత పసుపుపచ్చ మచ్చ ఒకటి కనబడింది. అది గురవమ్మ కోక. పిలిచిన చోటే ఉంటానంది, ఉంది.

రాయి దిగితే మచ్చ కనబడదు. జోరీగ దిగి కొంత దూరం ఉరికి, ఇంకో రాయి ఎక్కి చూసింది. మళ్ళీ దిగి ఉరికి, మళ్ళీ ఎక్కి చూసింది. మచ్చ శనగగింజంత అయింది. రేగుపండంత అయింది. మనిషంత అయింది.

దగ్గరకు వచ్చేసరికి ఓబులమ్మ గొంతు వినబడింది. "ఇంకోసారి పిలిస్తే నీ నోరేం పడిపోతుందక్కా?"

"పిలిస్తే కొండ దాన్ని ఇంకా లోపలికి ఈడుస్తుంది. కూర్చో," అంది గురవమ్మ. అప్పుడే జోరీగ వచ్చి కాళ్ళ దగ్గర పడింది. గురవమ్మ కొంగు ముడి విప్పి ఎండుచేప ముక్క పెట్టింది. "ఏటి ఇసుకలో నేర్పి కొండ మీద విప్పాను. తప్పు నాది," అంది.

"తప్పెవరిదైతేనేం, పొద్దు నడినెత్తికి వచ్చింది," అంది ఓబులమ్మ. "రోజూ దీనికోసం కొండ మీద కూర్చుంటే నా కుండలు ఎవరు చేస్తారు? గొలుసు వేసేస్తాను."

"ఇల్లు చేరేదాకా అది నా కుక్క. ఇల్లు చేరాక నీ ఇష్టం."

అందరూ దిగడం మొదలుపెట్టారు. జోరీగకు తాడు కట్టలేదు గురవమ్మ.

జోరీగ ముందుకు ఉరికింది. ఉరక్కుండా ఉండటం దానికి చేతకాదు. మొదటి మలుపు దగ్గర ఆగింది. మెడ తిప్పి చూసింది. పసుపు కోక ఉంది, ఏడు కుక్కలు ఉన్నాయి, గొలుసుతో ఓబులమ్మ ఉంది. మళ్ళీ ఉరికింది. రెండో మలుపు దగ్గరా అంతే. ఈసారి బండలు వెనకనుంచి ఎలా ఉన్నాయో కూడా చూసుకుంది.

మూడో మలుపు దగ్గర మెడ తిప్పింది. పసుపు కోక ఉంది. ఏడు కుక్కలు ఉన్నాయి. ఓబులమ్మ లేదు. గొలుసు చప్పుడు లేదు.

జోరీగ ముందుకు చూసింది. కింద ఏరు, ఏటి అవతల అడవి. గొలుసు వెనక ఎక్కడో ఉండిపోయింది. ఇప్పుడు ఉరికితే దాన్ని జన్మలో చూడక్కర్లేదు. కాళ్ళు పోదాం పోదాం అన్నాయి. మెడ మాత్రం తిరిగే ఉంది. ఒక మనిషి తక్కువ. ఆ తక్కువ ఒంటి మీద వాలిన ఈగలా ఉంది, దులుపుకుంటే పోవడం లేదు. జోరీగ నిలబడ్డచోటే అటూ ఇటూ తొక్కింది. కుయ్యిమంది. గురవమ్మ దాటిపోయింది. కుక్కలు దాటిపోయాయి.

"రావా పిల్లా?" అంది బూడిద.

"అందరూ రాలేదు తాతా," అని జోరీగ వెనక్కి పైకి ఉరికింది.

ఓబులమ్మ దారి పక్కన కూర్చుని ఉంది. అరికాల్లో తుమ్మముల్లు. గొలుసు పక్కన పడి ఉంది.

"నువ్వెందుకొచ్చావే?" అంది.

"మలుపులో చూస్తే నువ్వు లేవు. కాళ్ళు కదల్లేదు."

"నీ కాళ్ళా? కదల్లేదా?" అంది ఓబులమ్మ. ముల్లు లాగి పారేసింది. గొలుసు వంక చూసింది, కుక్క వంక చూసింది. జోరీగ గొలుసుకు దూరంగానే నిలబడింది, కానీ పోలేదు. నిలబడ్డచోటే తొక్కుతూ, "లేస్తావా, లేవవా?" అంది.

"లేస్తున్నానే. మీ గురవమ్మ కూడా ఇంత తొందరపెట్టదు."

ఓబులమ్మ కుంటుకుంటూ దిగింది. జోరీగ ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఆమె కనబడ్డాకే ముందుకు ఉరికింది. ఇనుము పారేసే మనిషి కాదు ఓబులమ్మ, గొలుసు ఇంటికి తెచ్చింది. తెచ్చి చేదబావి బకెట్టుకు కట్టుకుంది. వాకిట్లో గుంజ పీకి పొయ్యిలో పెట్టింది.

మర్నాటి నుంచి జోరీగను చూసి మిగతా ఏడూ మలుపు దగ్గర ఆగడం మొదలుపెట్టాయి. బూడిద కూడా నేర్చుకుంది, కాకపోతే నిదానంగా. వాటిని చూసి వాటి పిల్లలు, ఆ పిల్లల్ని చూసి పై ఊరి కుక్కలు నేర్చుకున్నాయి. కొండ ఇప్పటికీ మాటలు పట్టుకుని విసురుతూనే ఉంది. కుక్కలు దాన్ని పట్టించుకోవడం మానేశాయి.

అప్పటినుంచే తాడు లేకుండా ముందుకు ఉరికిన కుక్క మలుపు రాగానే ఆగి, మెడ తిప్పి, వెనక వచ్చేవాళ్ళందరూ ఉన్నారో లేదో చూసుకుంటుంది. మీరు మెల్లగా నడుస్తుంటే దానికి విసుగే. ఆ విసుగంతా కాళ్ళతో తొక్కుతూనే మీరు కనబడేదాకా నిలబడుతుంది. కనబడగానే ఇంక ఆగదు.