మూడు వీధుల లేయమ్మ

అనగనగనగా, మా ముత్తాతకి ఇంకా మీసం మొలవని కాలంలో, సముద్రపొడ్డున మొగలిరేవు అని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో మూడు వీధులు. చేపలు పట్టే పల్లెకారుల వీధి ఒకటి. గిన్నెలకు కళాయి పూసే సాయిబుల వీధి ఒకటి. కొబ్బరితాళ్లు పేనే యూదుల వీధి ఒకటి. యూదులవి ఎన్నిళ్లనుకున్నారు? ఏడంటే ఏడే. ఏ కాలంలోనో ఓడలో వచ్చారు. మన మాటే మాట్లాడారు, మన గోంగూరే తిన్నారు.

ఆ ఏడిళ్లకీ పెద్ద లేయమ్మ. ఆడదానికి పెద్దరికమేంటని మూతి విరిచినవాళ్లు ఉన్నారు లెండి. ఆవిడ పట్టించుకుంటేగా! ప్రార్థన చెప్పేది ఆవిడే, తగువులు తీర్చేది ఆవిడే, పొద్దున్నే లేచి తాళ్లు పేనేదీ ఆవిడే.

ఊళ్లో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. మంచినీళ్ల బావి ఒక్కటే, అది కోటలో ఉంది. దానికి తాళం. తాళంచెవి కోట పెత్తనం చేసే దివాను మొలలో. జనం చెలమల్లో బురదనీళ్లు తోడుకుని తాగేవాళ్లు. ఆ ఎండాకాలం వాంతులు పట్టుకుని ముగ్గురు పిల్లలు పోయారు. పల్లెవీధిలో ఒకరు, సాయిబుల వీధిలో ఒకరు, యూదుల వీధిలో ఒకరు. మూడో బిడ్డ లేయమ్మ మనవరాలు. ఆ ముసలిదానికి మిగిలిన ఒక్కగానొక్క నలుసు. అయ్యో, ఆ కడుపుకోత పగవాడిక్కూడా వద్దు!

బావి తెరవమని మూడు వీధులూ అంతకుముందే అడిగాయి. ఎవరికి వారే వెళ్లి అడిగారు. "నాకు ఇద్దామనే ఉంది, సాయిబులే వద్దంటున్నారు" అన్నాడు దివాను పల్లెకారులతో. "యూదులే వద్దంటున్నారు" అన్నాడు సాయిబులతో. "పల్లెకారులే వద్దంటున్నారు" అన్నాడు యూదులతో. ఇంకేం! ఒక వీధి మొహం ఒక వీధి చూడటం మానేసింది.

మనవరాలిని మట్టిలో పెట్టి వచ్చాక, లేయమ్మ కళ్లు తుడుచుకుని పల్లెవీధికి పోయింది. అక్కడి పెద్ద గంగులు.

"ఒరే గంగులూ, మాకు నీళ్లివ్వద్దన్నావా?"

"నేనెందుకంటానక్కా! సాయిబులే మాకివ్వద్దన్నారంట."

గంగుల్ని వెంటబెట్టుకుని సాయిబుల వీధికి పోయింది. అక్కడి పెద్ద దస్తగిరి సాయిబు.

"దస్తగిరీ, వీళ్లకి నీళ్లివ్వద్దన్నావా?"

"తోబా తోబా! నేనెందుకంటానమ్మా! మాకివ్వద్దన్నది మీరేనంటగా?"

"నా నోరు పడిపోనూ, నేనెప్పుడన్నాను!"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. దివానుని తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టారు. అవి మీకు చెప్పనులే. తిట్టడం అయ్యాక ముగ్గురూ కలిసి ఒకే అర్జీ పెట్టారు.

దివాను తక్కువవాడా? చాటింపు వేయించాడు. "శుక్రవారం మధ్యాహ్నం కోట కచేరీలో సాయిబుల వీధిని పిలుస్తాం. శనివారం యూదుల వీధిని పిలుస్తాం. ఆదివారం పల్లెవీధిని పిలుస్తాం. మూడేసి పిలుపులు. ఏ వీధి తరఫున ఎవరూ పలక్కపోతే అర్జీలోంచి ఆ వీధి పేరు కొట్టేస్తాం. మళ్లీ జన్మలో వినం!"

వాడి తెలివి చూశారా? శుక్రవారం మధ్యాహ్నం సాయిబులు నమాజులో ఉంటారు. శనివారం యూదులకి విశ్రాంతి దినం, కచేరీ గడప తొక్కరు. ఆ ఆదివారం గంగమ్మకి కుంభం పోసే జాతర, పల్లెకారులు వీధి దాటరు.

"ఈ ఒక్కసారికి నమాజు మానేస్తాను" అన్నాడు దస్తగిరి.

"ఎందుకు మానాలి?" అంది లేయమ్మ. "నీ తరఫున మేం పలుకుతాం. నా తరఫున మీరు పలకండి."

"అంతేనా?"

"అంతే."

శుక్రవారం వచ్చింది. "సాయిబుల వీధీ!" అని బంట్రోతు పిలిచాడు.

"ఉన్నాం!" అన్నారు లేయమ్మా, గంగులూ.

దివాను ఉలిక్కిపడ్డాడు. "మీరు సాయిబులా?"

"కాదు బాబయ్యా. వీధి తరఫున పలకమన్నారు, పలికాం. వాళ్లకి నీళ్లివ్వండి."

శనివారం వచ్చింది. యూదుల వీధిలో మోషే తాత లేయమ్మ మీద కేకలేశాడు. "పరాయోళ్లని నమ్ముకుని ఇంట్లో కూర్చుంటావా? వాళ్లు మాట మారిస్తే మన పిల్లల గతేంటి?" లేయమ్మకి మాత్రం భయం లేదా? ఉంది. అయినా గడప దాటలేదు.

అక్కడ కచేరీలో బంట్రోతు "యూదుల వీధీ!" అన్నాడు.

"ఉన్నాం!" అన్నారు గంగులూ, దస్తగిరీ.

దివాను గొంతు తగ్గించాడు. "ఏడిళ్లవాళ్ల కోసం మీకెందుకయ్యా ఈ తిప్పలు? ఆ ఒక్క పేరు వదిలేయండి. ఇప్పుడే తాళం తీసి మీ రెండు వీధులకీ నీళ్లిస్తా."

గంగులు నోరు దాహంతో ఎండిపోయి ఉంది. ఇంట్లో చిన్నకూతురు ముందురోజు నుంచీ వాంతులతో పడి ఉంది. బావి కళ్లెదురుగానే కనిపిస్తోంది. ఎవరి సలహా అడగలేదు వాడు. ఒక్కసారి దస్తగిరి వైపు చూశాడు.

"వాళ్లకి లేని నీళ్లు మాకు బొట్టు కూడా వద్దు" అన్నాడు. అన్నాక భోరుమని ఏడ్చాడు.

"రాసుకోండి దివాన్ గారూ," అన్నాడు దస్తగిరి, "యూదుల వీధి, ఉంది!"

ఆదివారం వచ్చింది. ఈసారి ఇద్దరు కాదు, రెండు వీధులూ పిల్లాజెల్లాతో తరలివచ్చాయి. "పల్లెవీధీ!" అన్నాడు బంట్రోతు.

"ఉన్నాం!"

కోట గోడ అదిరింది. రెండో పిలుపు పిలవాల్సిన పనే లేకపోయింది. కొట్టేయడానికి దివానుకి ఒక్క వీధి పేరు కూడా దొరకలేదు. మొలలోంచి తాళంచెవి తీశాడు పాపం, చెవిలో పురుగు దూరినవాడిలా మొహం పెట్టి. మొదటి బిందె గంగులు కూతురికి పోయింది. పిల్ల బతికింది! ఆ రోజు మొగలిరేవులో పండగంటే పండగ.

తర్వాత చాలా ఏళ్లు బతికి, లేయమ్మ కన్నుమూసింది. గోతి దగ్గర మోషే తాత కొడుకు, వాళ్ల ఆచారం ప్రకారం, "మట్టి వేయడానికి అయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. ఆవిడకి రక్తం పంచుకున్నవాళ్లు ఎవరూ మిగల్లేదని తెలిసే అడిగాడు.

"ఉన్నాం!" అన్నాయి మూడు వీధులు.

ఇప్పటికీ మొగలిరేవులో అంతే. రేషన్ షాపు దగ్గర గానీ, పంచాయతీ ఆఫీసులో గానీ ఎవరి పేరైనా పిలిచినప్పుడు ఆ మనిషి లేకపోతే, పక్కన నిలబడ్డవాళ్లు, ఏ వీధివాళ్లయినా సరే, చెయ్యెత్తి "ఉన్నాం!" అంటారు.