కడుపు నిండా కరెంటు తిన్న లాప్‌టాప్

గోగులపాడు నడివీధిలో పానకాలు ఇంటి గేటుకి ఒక బోర్డు వేలాడుతూ ఉంటుంది. 'ఇచ్చట తెలివిగలవారు నివసించుచున్నారు. తలుపు మెల్లగా కొట్టవలెను.' ఆ బోర్డు రాసిన పెయింటరు నవ్వాపుకోలేక నిచ్చెన మీంచి పడి, ఆ పడటం పడటం పక్క జిల్లాలో తేలాడని ఊళ్ళో చెప్పుకుంటారు. పానకాలు మాత్రం, "మా తెలివి వేడికి తట్టుకోలేకపోయాడు పాపం" అంటాడు.

ఆ ఇంట్లో తెలివి బస్తాల్లో ఉంటుంది, మూతి విప్పడమే ఆలస్యం. ఇంటి పెద్ద పానకాలు ముందుగదిలో టైపు సెంటరు నడుపుతాడు. ఎవరు ఏ మాటంటే ఆ మాట పొల్లుపోకుండా పాటించడంలో ఏడు మండలాల్లో అతని తర్వాతే ఎవరైనా. భార్య మంగతాయారు, మొగుడు పాటించగా మిగిలింది పాటిస్తుంది. తమ్ముడు ఏకాంబరం తాపీమేస్త్రి. కట్టిన గోడ కూలిందన్న మాట లేదు, తలుపు పెట్టడం మర్చిపోయిన ఇళ్ళు మాత్రం మూడున్నాయి. ఇక తల్లి కోటమ్మ. ఈ ముగ్గురికీ తెలివి పంచిందే ఆవిడ.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తినేవాళ్ళని పిలవకూడదు, వాళ్ళకి పని చెప్పకూడదు. ఒకసారి పానకాలు భోంచేస్తుంటే పశువుల పాక చూరుకి నిప్పంటుకుంది. ఇంట్లోవాళ్ళు చుట్టూ నిలబడి, అతను పప్పు, కూర, పులుసు, పెరుగు దాటి చెయ్యి కడుక్కునే దాకా నోరు మెదపలేదు. చెప్పేసరికి పాకే లేదు. "పాక పోతే పోయింది, పద్ధతి నిలబడింది" అని పానకాలు మీసం దువ్వాడు.

అలాంటి ఇంటి మీదికి ఒక రోజు హైస్కూలు కరస్పాండెంటు సుగుణావతి గారు గొడుగు ఊపుకుంటూ వచ్చారు. ఆ స్కూలు ప్రశ్నపత్రాలన్నీ పానకాలే టైపు చేస్తాడు. ఆ పని మీదే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అయితే కిందటి పరీక్షలప్పుడు సగంలో కరెంటు పోయి, టైపు చేసిన లెక్కల పేపరంతా గాలికి పోయింది. పిల్లలు తెల్లకాగితం చూసి, చాలా తేలిగ్గా ఉందని సంబరపడ్డారు.

"పానకాలూ, ఈసారి కరెంటు పోయినా నీ పని ఆగకూడదు. పై సోమవారం పొద్దున పదింటికి వస్తాను. పది పేపర్లూ నా చేతిలో పెట్టావా, ఏడాదంతా పని నీదే. లేదా, ఎదురింట్లో టైపు చేసే ఉమాపతికి ఇచ్చేస్తాను. ఆ డబ్బా డెస్క్‌టాప్ తీసేసి, దాని బదులు ఓ పెద్ద లాప్‌టాప్ కొనుక్కో. చిన్నది కొనేవు, అక్షరాలు కనపడి చావవు. పాతదాన్ని దృష్టిలో పెట్టుకుని మరీ కొను!"

అంతే. మర్నాడు పొద్దున్నే పాత డెస్క్‌టాప్‌ని ట్రాలీ ఆటో ఎక్కించారు. మానిటరు కోటమ్మ ఒళ్ళో, డబ్బా ఏకాంబరం భుజం మీద, కీబోర్డు మంగతాయారు చంకలో. పానకాలు వెనక్కి తిరిగి కూర్చుని, దారి పొడుగునా దాన్నే చూస్తూ పోయాడు. రెప్ప వెయ్యలేదు. పన్నెండు కిలోమీటర్లు! కళ్ళు చింతనిప్పులయ్యాయి.

టౌన్లో జిలానీ గారి కంప్యూటర్ల దుకాణంలో ఆ డబ్బాని కుర్చీలో కూర్చోబెట్టి, దాని మీంచి చూపు తిప్పకుండా, "లాప్‌టాప్ చూపించండి" అన్నాడు పానకాలు.

"ఇటు చూస్తే కదండీ చూపించేది!" అన్నాడు జిలానీ.

"నేను దీన్ని దృష్టిలో పెట్టుకున్నాను. మీరు మా అమ్మకి చూపించండి."

జిలానీ ముప్పై ఏళ్ళుగా వ్యాపారంలో ఉన్నవాడు. ఒక్కసారి పైకి చూసి, దేవుణ్ణి తల్చుకుని, దుకాణంలోకెల్లా పెద్ద లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇదమ్మా, పదిహేడంగుళాల తెర. డెస్క్‌టాప్ బదులు వాడుకునేవాళ్ళకి ఇదే సరైంది."

కోటమ్మ బొడ్లోంచి జాకెట్ల కొలత టేపు తీసింది. ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచింది. మళ్ళీ కొలిచింది. "ఒరే పానకాలూ! పదిహేనే ఉంది! రెండంగుళాలు కొట్టేశాడ్రా!"

ఇంకేముంది! ఏకాంబరం బల్ల కింద వెతికాడు. మంగతాయారు అట్టపెట్టె బోర్లించి దులిపింది. "మిగతా రెండంగుళాలు ఎక్కడ పెట్టారండీ? వేరే సంచీలో వస్తాయా?"

"అమ్మా, తెరని అడ్డంగా కొలవరు. ఈ పై మూల నుంచి ఆ కింది మూలకి కొలుస్తారు" అని జిలానీ టేపు ఏటవాలుగా పెట్టి చూపించాడు. సరిగ్గా పదిహేడు.

"ఓహో!" అన్నాడు పానకాలు, ఈసారి చూపు తిప్పి. "తిన్నగా చూస్తే పదిహేను, ఏటవాలుగా చూస్తే పదిహేడు. తెలివితక్కువవాళ్ళు తిన్నగా చూసి నష్టపోతారన్నమాట."

నలుగురూ ఒక్కసారే మెడలు కుడిపక్కకి వాల్చి చూశారు. ముచ్చటగా ఉంది. పాత డబ్బాని కూడా కొంచెం వాల్చి చూపించారు.

"మరి కరెంటు సంగతి?" అడిగాడు పానకాలు, మెడ అలాగే ఉంచి.

జిలానీ ఆలోచించాడు. ఈ మనుషులకి బ్యాటరీ గురించి చెబితే తెల్లారుతుంది. తేలిగ్గా చెబుదామనుకున్నాడు. పాపం, ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఆయన చేసిన తప్పు అదొక్కటే. "కరెంటు ఉన్నంతసేపూ ఇది కడుపు నిండా తింటుందనుకోండి. కరెంటు పోయిందా, ఆ బలంతో పనిచేస్తుంది. బరువైంది కాబట్టి ఒళ్ళో పెట్టుకోకండి. ఒకచోట కదలకుండా పెట్టుకోండి."

"పాతది చేసిన పనులన్నీ చేస్తుందా?"

"అన్నీ చేస్తుంది. ఇంకా బాగా చేస్తుంది."

పానకాలు సంచీ విప్పి డబ్బిచ్చి, కొత్తదాన్ని పట్టుకుని ఊళ్ళోకి రాజులా దిగాడు. పాతది కూడా దిగింది, దాన్ని దృష్టిలోంచి తియ్యమని ఎవరూ చెప్పలేదు కాబట్టి.

ఇంటికి రాగానే ఏకాంబరం తాపీ అందుకున్నాడు. "అన్నయ్యా, కదలకుండా అన్నాడు కదా?"

"అన్నాడు."

"బల్ల కదుల్తుంది."

"కదుల్తుంది."

అంతే. ముందుగదిలో నడుమెత్తు ఇటుకల దిమ్మె లేచింది. దాని మీద లాప్‌టాప్‌ని పెట్టి, చుట్టూ సిమెంటు మెత్తి, వైరు గోడలోకి దిగేసి, పైన నున్నగా పాలిష్ కూడా పెట్టాడు. తిన్నగా కాదు సుమండీ, ఏటవాలుగా! పదిహేడంగుళాలకి డబ్బు పోసి పదిహేను చూస్తారా ఎవరైనా? దిమ్మె ఆరాక నలుగురూ కలిసి తోశారు. ఇల్లు కదిలింది గానీ లాప్‌టాప్ కదల్లేదు.

ఇక పాతది చేసిన పనులు. పాత మానిటరు మీద పిల్లి పడుకునేది. కోటమ్మ పిల్లిని తెచ్చి కొత్త తెర అంచు మీద పడుకోబెట్టింది. ఆ అంచు అప్పడం మందం. పిల్లి పడింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. నాలుగోసారి పిల్లి కోటమ్మని రక్కి, గోడ దూకి, ఉమాపతి ఇంటికి కాపురం వెళ్ళిపోయింది.

"పిల్లికి తెలివి లేదు" అని తేల్చింది కోటమ్మ.

పానకాలు స్నానం చేసి, విభూతి పెట్టుకుని, వేళ్ళు విరుచుకుని, మెడ వాల్చి టైపుకి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడు మంగతాయారు పరిగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ! ఏం చేస్తున్నారు! కరెంటు ఉంది!"

పానకాలు తలెత్తి చూశాడు. నిజమే, పైన ఫ్యాను తిరుగుతోంది. అంటే అది తింటోంది. తినేవాళ్ళకి పని చెప్పబోయాడు! తన ఇంట్లో! తన చేత్తో!

"తప్పు తప్పు" అని లెంపలేసుకున్నాడు. అందరూ చప్పుడు చెయ్యకుండా గుమ్మం దగ్గర కూర్చుని, కరెంటు ఎప్పుడు పోతుందా అని చూశారు.

చూడండి ఆ ఊరి అదృష్టం! ఏడాది పొడుగునా రోజుకి ఆరుసార్లు పోయే కరెంటు, ఆ వారం చిటికెడు కూడా పోలేదు. మంగళవారం ఉంది. బుధవారం ఉంది. గురువారం గాలివాన వచ్చి నాలుగు కొబ్బరిచెట్లు కూలాయి, కరెంటు మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతూనే ఉంది. పానకాలుకి రాత్రి నిద్ర లేదు, పగలు తిండి లేదు. పది పేపర్లలో ఒక్కటీ మొదలవలేదు.

శుక్రవారం సుగుణావతి గారు ఫోన్ చేశారు. "ఎన్ని పేపర్లయ్యాయి?"

"ఇంకా భోజనం దగ్గరే ఉందండీ."

"ఎవరు?"

"అదేనండీ."

ఆవిడకి ఏం అర్థమైందో, "తొందరగా కానీ. ఉమాపతి రోజూ మా గేటు దగ్గర నిలబడి దండం పెడుతున్నాడు" అని పెట్టేశారు.

"పోనీ మెయిన్ స్విచ్చి కట్టేద్దామా?" అంది మంగతాయారు భయం భయంగా.

"తినేవాడి ముందు కంచం లాగేస్తావుటే!" అని గర్జించాడు పానకాలు. ఆ గర్జనకి వీధిలో సైకిలు మీద పోయేవాడు దిగి నడిచాడు.

శనివారం కూడా గడిచింది. ఆదివారం పొద్దున కోటమ్మ ముక్కుపొడుం పీల్చి, తుమ్మి, ఆ తుమ్ముతో పాటే ఒక ఆలోచన బయటికి తెచ్చింది.

"ఒరే, పెళ్ళి పంక్తిలో తినేవాణ్ణి లెమ్మంటే మర్యాద కాదు. కానీ వడ్డించేవాణ్ణి ఆపితే, తినేవాడే చెయ్యి కడుక్కుంటాడు కదరా?"

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఇంట్లో అంత తెలివి ఒక్కసారిగా ఎప్పుడూ పుట్టలేదు. ఇంకేముంది! ఊరు ఊరంతా చూస్తుండగా బారులు తీరి కరెంటాఫీసుకి నడిచారు. మెడలు నాలుగూ కుడిపక్కకే ఉన్నాయి, వారం రోజుల అలవాటు.

లైన్‌మన్ భద్రయ్య వాళ్ళు రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివాడు. "మీ ఇంటికి కరెంటు తీసెయ్యాలా? ఎందుకు?"

"కంప్యూటర్ కొన్నాం" అన్నాడు పానకాలు గర్వంగా.

భద్రయ్య వేళ్ళు మడుస్తూ లెక్క చూసుకున్నాడు. "కంప్యూటర్ కొన్నారు కాబట్టి కరెంటు వద్దు."

"చాలన్నాక కూడా వడ్డించడం మర్యాద కాదు, బాబూ" అంది కోటమ్మ.

భద్రయ్యకి మళ్ళీ అడిగే ఓపిక లేదు. నిచ్చెనేసుకుని వచ్చి, స్తంభమెక్కి, తీగ కత్తిరించి, చేతులు దులుపుకుని పోయాడు.

ఫ్యాను ఆగింది. అబ్బ, అప్పుడు చూడాలి పానకాలుని! దిమ్మె ముందు కూర్చుని, మెడ వాల్చి, టైపు చేశాడు చూడండి, ఆ వేళ్ళ దెబ్బలకి వీధి చివర కల్లుపాకలో సీసాలు గణగణలాడాయి. తెలుగు అయింది, హిందీ అయింది, సాంఘికం అయింది. మూడు గంటల్లో తొమ్మిది పేపర్లు! మంగతాయారు విసనకర్రతో విసురుతోంది, మొగుడికి కాదు, లాప్‌టాప్‌కి. మిగిలింది లెక్కల పేపరొక్కటే. ఏడాది పని, ఇంట్లో పొయ్యి, ఉమాపతి ముందు పరువు, అన్నీ ఆ ఒక్క పేపరుకి వేలాడుతున్నాయి.

అప్పుడు తెర మూల చిన్న ఎర్ర గుర్తు వెలిగింది. కుయ్‌మని మూలిగింది కూడా.

"ఏమంటోందిరా?" అంది కోటమ్మ.

పానకాలు మెడ ఇంకొంచెం వాల్చి చదివాడు. "శక్తి అయిపోతోందిట. వెంటనే ఇవ్వమంటోంది."

"ఆకలేస్తోందన్నమాట" అంది మంగతాయారు. "వడ్డించేవాణ్ణి పంపేశాం కదండీ మరి!"

"బయట వంట మానిపించాక మన వంటే పెట్టాలి. ఇల్లన్నాక ఆ మాత్రం ఉండదా?" అని కోటమ్మ కొంగు బిగించింది.

అంతే. వేడన్నం, ముద్దపప్పు, కరిగిన నెయ్యి. కష్టపడ్డవాడు కదా అని మంగతాయారు నెయ్యి ఓ గరిటె ఎక్కువే పోసింది. కోటమ్మ ముద్దలు కలిపింది. నోరెక్కడుందా అని ఏకాంబరం వెతికి, పక్కన వైర్లు గుచ్చే చిన్న చిన్న సందులు చూపించాడు. "ఇవేనమ్మా, నాలుగున్నాయి."

"పెద్దింటి బిడ్డ, నాలుగు నోళ్ళు" అని మురిసిపోతూ కోటమ్మ ఒక్కో సందులో ఒక్కో ముద్ద వేలితో నెట్టింది. మిగిలిన పప్పు మీటల మధ్య చక్కగా సర్దింది. గొంతుకి అడ్డం పడకుండా పైన రెండు చెంచాల మజ్జిగ కూడా పోసింది.

లోపల చుయ్‌మంది. ఒక సన్నటి పొగ లేచింది.

"త్రేన్చింది!" అన్నాడు ఏకాంబరం.

తెర నల్లబడింది. పానకాలు కీ నొక్కబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కడుపు నిండా తిన్నాక ఎవరైనా ఏం చేస్తారు? పైన ఓ దుప్పటి కప్పి, మునివేళ్ళ మీద బయటికొచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

సోమవారం పొద్దున సరిగ్గా పదింటికి సుగుణావతి గారు గొడుగు బొడిపెతో తలుపు దబదబ బాదారు. పానకాలు బాణంలా వచ్చి, పెదవుల మీద వేలు పెట్టి, గేటు మీది బోర్డు చూపించాడు.

"ష్... మెల్లగానండీ. పడుకుంది."

"నా పేపర్లేవి?"

"తొమ్మిది దాని కడుపులో ఉన్నాయి. పదోది లేచాక."

సుగుణావతి గారు లోపలికెళ్ళి దుప్పటి తీశారు. ఏటవాలు దిమ్మె చూశారు. మీటల మధ్య ఎండిన పప్పు చూశారు. నాలుగు నోళ్ళ చుట్టూ కట్టిన చీమల బారు చూశారు. నలుగురి వాలిన మెడలు చూశారు. దుప్పటి మళ్ళీ కప్పేసి, గొడుగు విప్పుకుని, వీధి దాటి తిన్నగా ఉమాపతి ఇంట్లోకి నడిచారు. గుమ్మంలో పిల్లి ఎదురొచ్చి ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళింది.

"తినేసి పడుకున్నవాడి ముసుగు తీస్తుందా! ఎంత చదువుకుని ఏం లాభం, పద్ధతి తెలియని మనిషి" అన్నాడు పానకాలు, ఆవిడ వెళ్ళినవైపు జాలిగా చూస్తూ.

"ఇంతకీ ఇది ఎప్పుడు లేస్తుందంటారు?" అడిగింది మంగతాయారు.

పానకాలు మీసం దువ్వి, మెడ ఆ పక్క నుంచి ఈ పక్కకి మార్చి, తాపీగా చెప్పాడు.

"నువ్వు మధ్యాహ్నానికి పులిహోర కలిపి ఉంచు. ఆకలేస్తే అదే లేస్తుంది."