గుంజకి వెనక పదహారు

ఉత్తుత్తి లెక్క కాదే బుజ్జమ్మా. ఫోను పెట్టెయ్యకు, విను. మైనస్ నాలుగుని మైనస్ నాలుగుతో హెచ్చవేసినా పదహారే అని మీ టీచరమ్మ చెప్పింది నిజమే. దేన్ని దాంతోనే హెచ్చవేస్తే పదహారొస్తదంటే నువ్వు ఉత్త నాలుగే రాసి రెండోది రాయలేదు, మార్కు కోసింది. మీ అమ్మమ్మ బడికెళ్ళలేదు గానీ ఆ రెండో నాలుగు ఎక్కడుంటదో నాకు తెలుసు.

మా ఉప్పు మడుల్లో అప్పలకొండ మేస్త్రి ఉండేవాడు. మా అక్కచెల్లెళ్ళిద్దరికీ పని నేర్పింది ఆయనే. ఏదడిగినా నోటితో చెప్పడు, నడిపిస్తాడు. మేం ఎక్కడున్నామో, మడుల నడిమధ్య పాతిన గుంజ కాడ్నుంచి మడుల లెక్కతోనే చెప్పుకునేవాళ్ళం, తొమ్మిదిలో ఉన్నా, పదహారులో ఉన్నా అని. ఎవరలా అన్నా ఆయన "ఎటు పదహారు?" అనేవాడు. ఓ మధ్యాహ్నం విసుగొచ్చి అడిగేశాను. "నడి గుంజ కాడ్నుంచి నాలుగు మడులు పొడుగు, నాలుగు వెడల్పు. అంతేగా మేస్త్రీ, మళ్ళీ ఎటు ఏంటి?"

గుంజ దగ్గర సముద్రం వైపు మొహం పెట్టి నించోమన్నాడు. ముందుకి నాలుగు మడులు, ఎడంపక్కకి నాలుగు నడవమన్నాడు. ఎన్ని మడులు చుట్టావంటే పదహారన్నాను. మళ్ళీ గుంజ కాడికే రమ్మని, మొహం అటే ఉంచి, వెనక్కి నాలుగు, కుడిపక్కకి నాలుగు నడవమన్నాడు. మా చెల్లి నూకరత్నం గంప దించి ఒకటే నవ్వు. "మా అక్కకి తిన్నగా నడవడమే రాదు, వెనక్కేం నడుస్తది మేస్త్రీ!" అన్నట్టే గట్టు మీంచి జారి బురదలో కూలబడ్డాను. అక్కడా పదహారే.

"ఉత్త పదహారు అంటే నేనెటు రావాలే?" అన్నాడు మేస్త్రి. నాకూ నవ్వే వచ్చింది.

నాలుగో రోజు పొద్దుగూకే వేళ మబ్బు కమ్మేసింది. "అక్కా, పదహారులో ఉప్పు కుప్ప మీద తాటాకులు కప్పొస్తా" అని కేకేసి పోయింది నూకరత్నం. ఎటు అని నేనడగలేదు. సముద్రం పొంగుతోందని అరుపులు వినబడగానే గుంజకి ముందున్న పదహారుకి పరిగెత్తాను. భయమంతా సముద్రం వైపే కదా. నడుం లోతు నీళ్ళు. అక్కడ నాకంటే ముందొచ్చి ఒకాయన నూకరత్నం, నూకరత్నం అని పిలుస్తున్నాడు. మేస్త్రి.

అప్పుడు మా వెనకాల, మడుల ఆ చివరున్న కాలువ గట్టు తెగిన చప్పుడు వినబడింది. వెనక పదహారులో కూడా ఓ చిన్న కుప్ప ఉందని ఇద్దరికీ అప్పుడే గుర్తొచ్చింది. గుంజ దాకా వచ్చాం. అక్కడ్నుంచి వెనక మడుల వైపు అడుగు పడలేదు, అంత వరద.

"నాకు లెక్క రాలేదా మేస్త్రీ?" అని ఏడ్చాను.

"నేర్పినోణ్ణి. నేనే సముద్రం వైపు పోయానే," అన్నాడు.

తెల్లారేసరికి వెనక మడులు లేవు. నూకరత్నం లేదు.