ఓబులేసు కుడిచెయ్యి

ఓబులేసు చుట్టూ ఎప్పుడూ మనుషులే. అయినా అతని కష్టం చెప్పుకోవడానికి ఒక్కరూ లేరు. ఆ సంగతి వింటే ఎక్కువ కుంగిపోయేది వాళ్లే మరి.

వాళ్లుండే ఇల్లు పెన్న ఒడ్డున, ఒక చిన్న దర్గా వెనక ఉంది. జలాల్ షా అనే ముసలి ఫకీరు దాన్ని నడుపుతున్నాడు. హిందువులూ ముస్లిములూ అందరూ ఆయన్ను షా సామి అంటారు. ఎప్పుడో ఒకసారి, బస్సు దిగబోయి కమ్మీ మీది చెయ్యి వదల్లేక కిందపడ్డ మనిషిని ఆయన ఇంటికి తెచ్చుకున్నాడు. అదొక కండరాల జబ్బు. పట్టుకున్నది వెంటనే వదల్లేరు. ఏళ్లు గడిచేకొద్దీ కండ కరిగి, నడకా పోతుంది. ఎక్కడో ఎవరికో తప్ప రాదు గానీ, వచ్చిన ఇంట్లో మాత్రం తల్లి నుంచి బిడ్డకు దిగుతూ పోతుంది. ఆ మనిషి వెనకే అతని అక్క వచ్చింది. అక్క వెనక ఆమె కొడుకు. అలా ఆ ఇల్లు ఒక చిన్న ధర్మసంస్థ అయింది. ప్రతి గురువారం పల్లెల నుంచి ఇలాంటి వాళ్లను ఆటోలో తీసుకొస్తారు. పట్నం నుంచి ఒకావిడ వచ్చి కాళ్లూ చేతులూ ఆడించే కసరత్తులు చేయిస్తుంది. మధ్యాహ్నం భోజనం పెట్టి పంపిస్తారు.

ఓబులేసు తన తల్లిని అక్కడికి తెచ్చి, ఆమె పోయాక కూడా ఉండిపోయాడు. వంటా వడ్డనా, నడవలేని వాళ్లను ఎత్తి కూర్చోబెట్టడమూ అన్నీ అతనే. తల్లికి ఉన్న జబ్బు కొడుక్కి రాలేదని అక్కడ అందరికీ సంబరం. అదే జబ్బుతో అక్కడికి వచ్చే లింగమ్మ అయితే కూతురికి అతన్నే చూపించేది.

"ఓబులేసన్నకు వచ్చిందా? రాలే. నీకూ రాదు పో."

ఆ మాట విన్నప్పుడల్లా ఓబులేసు లేని పని కల్పించుకుని లోపలికి వెళ్లిపోయేవాడు.

కిందటి చలికాలంలో ఒకరోజు పప్పు వడ్డించి గరిటె గిన్నెలో పెట్టబోతే అతని వేళ్లు విడలేదు. అమ్మ వేళ్లు గుర్తొచ్చాయి. ఏమీ ఎరగనట్టు పప్పు కలుపుతూ నిలబడ్డాడు. వేళ్లు తీరిగ్గా, వాటికి బుద్ధి పుట్టినప్పుడు విచ్చుకున్నాయి. ఆ తర్వాత చాలాసార్లు అదే జరిగింది. పప్పు కలపడంలో ఓబులేసుకున్నంత ఓపిక ఎవరికీ లేదని ఆ ఇంట్లో పేరు కూడా వచ్చింది.

అప్పటి నుంచి వంటింటి వెనక ఒక్కడే కూర్చుని తినేవాడు. ఎవరినైనా లేపాలంటే చెయ్యి ఇవ్వకుండా భుజం వంచేవాడు. అభిమానంగా ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే, తడిగా ఉందని వెనక్కి లాక్కునేవాడు. అందరి మధ్యా తిరుగుతూనే ఎవరికీ కాకుండా పోయాడు. రాత్రి పడుకుంటే ఆ ఒంటరితనం గుండె మీద కూర్చునేది.

షా సామి ఎవరినైనా శిష్యుడిగా తీసుకునేటప్పుడు, వాళ్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని రెండు మాటలు చెప్పేవాడు. అదే దీక్ష. ఓబులేసుకు దాని మీద ప్రాణమంత ఆశ. మొదట్లో తనకింకా యోగ్యత లేదనుకుని ఆగాడు. ఇప్పుడు యోగ్యత మాట అటుంచి, చెయ్యి చాపాలంటేనే భయం.

ఇక తట్టుకోలేక ఒక గురువారం తెగించాడు. బయట చలిగాలి వీస్తోంది. వచ్చినవాళ్లంతా వసారాలో ఆకుల ముందు కూర్చున్నారు. సామి వంటింట్లోకి వచ్చాడు.

"నేను పోతా సామీ," అన్నాడు ఓబులేసు.

"యాడికి?"

"యాడికైనా. కొండల్లో ఒక్కణ్ణే కూర్చోని దేవుణ్ణి తలుచుకుంటా."

"ఈడ తలుచుకుంటాంటే అడ్డం పడిందెవరు?"

సామి అతని ముఖం చూసి, కుడిచెయ్యి చాపాడు.

"పోయేవాడివి నా చేతిలో చెయ్యి పెట్టి పో. శిష్యుడివై పోదువు."

"తడి చెయ్యి సామీ."

"నాదీ తడే. నమాజుకు కడుక్కోని వస్తాండా."

భయం కన్నా ఆశే గెలిచింది. ఓబులేసు ఆ చెయ్యి అందుకున్నాడు. సామి చెప్పవలసిన రెండు మాటలూ చెప్పాడు. దీక్ష అయిపోయింది. ఇక చెయ్యి వెనక్కి తీసుకోవాలి.

వేళ్లు రాలేదు. చలికి బిగుసుకుపోయి ఆ ముసలి చేతిని పట్టుకునే ఉన్నాయి. ఓబులేసు ఎడమచేత్తో వాటిని ఒక్కొక్కటే ఊడదీయబోయాడు. సామి ఆ ఎడమచేతిని మెల్లగా పక్కకు తప్పించి, అలాగే నేల మీద కూర్చున్నాడు. ఓబులేసు కూడా ఆయన ఎదురుగా కూర్చోక తప్పలేదు.

అన్నం ఇంకా రాలేదేమా అని లింగమ్మ గోడ పట్టుకుని నడుస్తూ గుమ్మం దాకా వచ్చింది. ఆ చేతిని చూసింది. ఆమెకు ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

"నీకు గూడానా నాయనా!"

కూతురు గుర్తొచ్చిందేమో, ఆమె ముఖం పాలిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత గోడ వెంబడి జారి అతని పక్కనే కూలబడి, మోకాలి మీద చెయ్యి వేసింది.

ఓబులేసుకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్లూ దాచుకున్న సిగ్గంతా ముఖంలోకి వచ్చేసింది. తలెత్తలేకపోయాడు.

"నేనుగా పట్టుకోలే సామీ. వదలాలనే చూస్తాండా. చేత కావడంలే."

షా సామి చెయ్యి కదపలేదు.

"వదలమని నిన్నెవరడిగినారు?" అన్నాడు.