తువ్వాలు కింద బేరం

కరువులో మనవళ్లకు గింజ లేక, చచ్చిపోయిన కొడుకు పందేల్లో ఎక్కిన గుర్రాన్ని కుమ్మరి ఎర్రప్ప సంతకు తోలుకొచ్చాడు.

రాజుగారి గుర్రాల వర్తకుడు భూషణప్ప బేరానికి దిగాడు. అక్కడ ధర నోటితో చెప్పరు, తువ్వాలు కింద వేళ్లు పట్టి చెబుతారు. పేదవాణ్ణి ముంచడానికే పుట్టింది ఆ తువ్వాలు.

"ముసలిది, కుంటిది. నాకిచ్చి ఈ గాడిదను తోలుకుపోరా," అని భూషణప్ప రెండు వేళ్లు నొక్కాడు. గాడిదకు తోడు రెండు బస్తాల జొన్నలన్నమాట.

ఎర్రప్ప తువ్వాలు లాగేశాడు.

"చూడండయ్యా! కుంటిదానికే దొరగారు గాడిదా, రెండు బస్తాలూ ఇస్తారట. కుంటిదో కాదో మీరే పరుగెత్తించి చూసి చెప్పండి!"

చూశారు. ఒక రైతు పది బస్తాలిచ్చాడు.

ఆ రాత్రి పిల్లలు కడుపునిండా తిన్నారు. ఎర్రప్ప మాత్రం ఉత్త కళ్లెం ఒళ్లో పెట్టుకుని, ముద్ద ముట్టలేదు.