అప్పలసూరి రేకు ఇంజను

ఇలా జరుగు అమ్మడూ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఇవాళ చిన్న కథే, వేలెడంత. నువ్వు రెండోసారి ఆవులించేలోపు అయిపోతుంది.

అనగనగా గుమ్మలేరని ఒక ఊళ్ళో పెద్ద రైలు స్టేషనుండేది. ఆ స్టేషను మాస్టరుగారి భార్య, రైలు వచ్చిన ప్రతిసారీ తలుపు తీసి చూసేది. ఎవరు దిగారు, ఎన్ని పెట్టెలతో దిగారు, అన్నీ ఆవిడకి కావాలి. ఒకరోజు ఆవిడ తోడికోడలే నాలుగు పెట్టెలతో దిగింది. ఈవిడ చటుక్కున తలుపు వేసుకుంది. పోనీలే, ఆవిడ గొడవ మనకెందుకు? మనకి కావలసింది స్టేషను వెనక సందులో రెండిళ్ళు.

ఒకింట్లో దాలినాయుడు, ఆవిరి ఇంజను నడిపిన డ్రైవరు. పక్కింట్లో అప్పలసూరి, అదే ఇంజన్లో బొగ్గు వేసిన మనిషి. ముప్పై ఏళ్ళు ఒకే పొయ్యి ముందు నిలబడ్డారు. ఒకే క్యారేజీ విప్పుకుని తిన్నారు. ఇళ్ళు కూడా ఒకే గోడకి అటొకటి, ఇటొకటి కట్టుకున్నారు.

అప్పుడు ఆవిరి ఇంజన్లు తీసేసి డీజిలు ఇంజన్లు తెచ్చారు. ఆఖరి రోజున దాలినాయుడి ఇంజనుకి బంతిపూల దండలు వేశారు. దారిపొడుగునా జనం నిలబడి చేతులూపారు. వాళ్ళని చూసి అప్పలసూరికి కళ్ళు నిండిపోయాయి. అలా చూస్తూ చూస్తూ బొగ్గు వెయ్యడం మరిచిపోయాడు. ఆవిరి చాలక, కొండ ఎత్తు మీద ఇంజను ఆగిపోయింది. ఆ తర్వాత డీజిలు ఇంజనొకటి వచ్చి, దండలతో సహా దాన్ని స్టేషనుకి ఈడ్చుకొచ్చింది.

ఆ రోజు నుంచి దాలినాయుడు అప్పలసూరితో మాట్లాడలేదు. నెలా, రెండు నెలలా? పద్దెనిమిదేళ్ళు. అలకలో ఆయనకి ఆయనే సాటి. ఈలోపు ఇద్దరి భార్యలూ పోయారు. అప్పలసూరి ఇంట్లో చప్పుడు చేసేది గోడ గడియారమొక్కటే. వండుకుని, తిని, ఒక్క కంచం కడుక్కునేవాడు. ఆయనకి కావలసింది ఒకటే. గోడ అవతల నుంచి "ఒరే సూరిగా" అన్న కేక, చచ్చేలోపు ఒక్కసారి.

అందుకని ఆయనొక ఇంజను చేశాడు. నూనె డబ్బా రేకుతో, మూరెడు పొడుగున. వసారాలో గుండ్రంగా పట్టాలు పరిచి, చిన్న మోటారు బిగించి నడిపాడు. ముందు దీపం పెట్టాడు. వెనక పొయ్యిలో ఎర్రగా మిణుకుమనే నిప్పు పెట్టాడు. గోడ మీంచి తొంగి చూస్తే సరిగ్గా కనబడే చోట పెట్టి, "నా సరదాకి చేసుకున్నా" అన్నాడు. ఎవరడిగారని?

మర్నాడు పొద్దున్న గవరమ్మ వచ్చింది. రెండిళ్ళకీ పాలు పోసేది అదే, మాటలు మోసేదీ అదే. రెండిట్లోనూ నీళ్ళు కలిపేది.

"నాయుడు బాబు సెప్పమన్నాడు" అంది. "ఆ దీపం పెళ్ళి ఊరేగింపులో లైటులాగ తెల్లగుందట. మన ఇంజను దీపం పసుప్పచ్చగా ఉండేదట."

అప్పలసూరి పాలగిన్నె కింద పెట్టేశాడు. "మన ఇంజను అన్నాడా? నువ్వు కలిపావా?"

"ఆ ఒక్కటీ నాను కలపలేదు బాబూ."

అప్పుడాయన చాక్లెట్టు చుట్టిన పసుపు కాగితం తెచ్చి దీపానికి అంటించాడు. పొయ్యిలో నిప్పుకి మాత్రం నాయుడు వంక పెట్టలేదు.

ఆ తర్వాత చప్పుడు పెట్టాడు. చక్రానికి మేకులు కొట్టి, తిరిగినప్పుడల్లా గరుకు కాగితాన్ని గీకేలా చేశాడు. ఛక్, ఛక్ అంటూ ఇంజను తిరిగింది.

"సక్రం ఒక సుట్టు తిరిగితే ఇంజను నాలుగు ఊపిర్లు తియ్యాలట" అంది గవరమ్మ. "ఇది రెండే తీస్తోందట, ఉబ్బసం మనిషిలాగ. ముప్పై ఏళ్ళూ సెవులెక్కడ పెట్టుకున్నాడో కనుక్కోమన్నాడు."

అప్పలసూరి పకపకా నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్ళయిందో, గోడ మీద పిల్లి బెదిరి దూకేసింది. ఆయన ఇంకో రెండు మేకులు కొట్టాడు.

ఆ తర్వాత కూత పెట్టాడు, జాతరలో కొన్న పీకతో. "అది గార్డు ఊదే ఈలట" అంది గవరమ్మ. "ఇంజను కూత బొంగురుగా మొదలై సన్నబడాలట." అప్పుడు రెండు ఇత్తడి గొట్టాలు కోసి, సైకిలు హారను రబ్బరు బుడ్డి తగిలించి, సాయంత్రం నొక్కాడు. సందులో ముసలాళ్ళందరూ బయటికొచ్చి పట్టాల వైపు చూశారు.

మర్నాడు గవరమ్మ పాలు పోసి వెనక్కి తిరిగింది.

"ఏమన్నాడు?"

"ఏటీ అనలేదు బాబూ."

రెండో రోజూ ఏమీ అనలేదు. మూడో రోజు అప్పలసూరి గుమ్మంలోనే ఎదురెళ్ళాడు. "ఏదో ఒకటి అనుంటాడే! గుర్తు తెచ్చుకో."

"ఇంక తప్పేటీ లేదట. తప్పు లేనప్పుడు సెప్పడానికేటుంది అన్నాడు" అని గవరమ్మ వెళ్ళిపోయింది.

అప్పలసూరి వసారాలో కూర్చున్నాడు. ఇంజను తిరుగుతోంది. దీపం సరిగ్గా ఉంది, ఊపిరి సరిగ్గా ఉంది, కూత సరిగ్గా ఉంది. అంత చప్పుడులోనూ ఆ ఇల్లు పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ లేనంత బావురుమంది.

అప్పుడు లేచి, పట్టకారు తెచ్చి, చక్రం మేకు ఒకటి ఊడబీకాడు. నాలుగు ఊపిర్లు మూడయ్యాయి. ఇంజను కుంటుకుంటూ తిరిగింది.

మర్నాడు గవరమ్మ రాకముందే గేటు చప్పుడైంది. చూస్తే దాలినాయుడు! చేతిలో సుత్తి ఉంది. అప్పలసూరి లేచి నిలబడ్డాడు. నాయుడు ఆయన వైపు చూడలేదు. వసారాలో కూలబడి, ఇంజనుని తిరగేసి, కొత్త మేకు కొట్టాడు. పట్టాల మీద పెట్టి నాలుగు ఊపిర్లూ విన్నాడు. మేకు ఎలా ఊడిందని అడగలేదు. మోకాళ్ళు దులుపుకుని వెళ్ళిపోయాడు.

వారం పోయాక అప్పలసూరి ఇంకో మేకు ఊడబీకాడు. నాయుడు వచ్చి, కొట్టి, వెళ్ళిపోయాడు.

అలా ఆరేళ్ళు, ప్రతి శనివారం. ఇద్దరూ ఒక్క మాటా ఆడుకోలేదు.

కథ కంచి బండెక్కింది,
మనకి మన మంచం దక్కింది.