మూత తీసే చెయ్యి

వరహాలమ్మ ఇంట్లో గుడ్లు పొదిగే పెట్టె ఒకటి ఉండేది. థర్మోకోల్ డబ్బా, లోపల ఒక బల్బు, గిన్నెలో నీళ్లు, లోపలికి చూడటానికి మూతకు చిన్న అద్దం. అందులో పెట్టిన గుడ్లు పిల్లలు కావడం లేదు.

ఆ గుడ్లు పెట్టే పెట్ట, ఆమె అమ్మ ఇచ్చిన కోడి సంతతి. గుడ్లు పెట్టేదే గానీ పొదగడానికి కూర్చునేది కాదు. అందుకే ఆ డబ్బా.

మొదటి విడతలో ఒక్క గుడ్డూ పగల్లేదు. రెండో విడతలో ఒక పిల్ల పెంకుకు చిల్లు పెట్టి ఆగిపోయింది. వరహాలమ్మ మనసు ఊరుకోలేదు. గోటితో పెంకు ఒలిచింది. సన్నగా రక్తం వచ్చింది. పిల్ల ఆమె అరచేతిలోనే మెడ వాల్చేసింది.

ఇంతలో ఊళ్లో కోళ్లకు కొక్కెర తెగులు తగిలి పెట్ట చచ్చిపోయింది. చివరగా అది పెట్టిన గుడ్లే మిగిలాయి. అవీ పోతే అమ్మ ఇచ్చినదంటూ ఆ ఇంట్లో ఏదీ ఉండదు.

వాటిని పెట్టెలో పెట్టాక ఆమెకు అన్నం సయించలేదు. వేడి చాల్లేదేమోనని మూత తీసేది. ఎక్కువైందేమోనని మళ్లీ తీసేది.

భర్త సింహాద్రి చూసి చూసి అన్నాడు. "పోయినసారి పగలని గుడ్డు కొట్టి చూశాను. పిల్ల నిండుగా తయారైంది. పొర ఎండిపోయి కాగితంలా ఒంటికి అతుక్కుంది. కదల్లేక చచ్చింది."

"గిన్నెలో నీళ్లు ఎప్పుడూ తగ్గనివ్వలేదు కదా మావా!"

"మూత తీసినప్పుడల్లా నీ కళ్లద్దాలకు పట్టే ఆవిరి ఎక్కడిది మరి?"

వరహాలమ్మ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది.

గుడ్లు పగిలే రోజులు దగ్గరపడ్డాక గిన్నె నిండా నీళ్లు పోసి మూత పెట్టేసింది. ఇక తియ్యలేదు. అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. ఒక గుడ్డు మీద చిన్న బీట పడింది. లోపల్నుంచి కీచుమని వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"మావా, ఆగిపోయింది."

"అలిసిపోయి ఉంటుంది."

"చచ్చిపోతేనో?"

"చచ్చిపోవచ్చు కూడా," అన్నాడు సింహాద్రి. అతనికి అబద్ధం చెప్పడం రాదు.

ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. చేతులు తిమ్మిరెక్కాయి.

పొద్దు వాలే వేళకు ఆ బీట గుడ్డు చుట్టూ తిరిగింది. పెంకు రెండుగా విడిపోయి తడి పిల్ల బయట పడింది. దాని వెనకే ఇంకొకటి, ఆ వెనక మరికొన్ని. రెండు గుడ్లు మాత్రం ఎప్పటికీ పలకలేదు.

పిల్లల ఒళ్లు ఆరి బొచ్చు విచ్చుకున్నాక సింహాద్రి, "ఇప్పుడు తియ్యి," అన్నాడు. ఆమె చెయ్యి లేవలేదు. అతనే తీశాడు.

మొదట పుట్టిన పిల్లను వరహాలమ్మ రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎక్కడ జారిపోతుందోనని వేళ్లన్నీ దాని చుట్టూ మూసింది.

లోపల టక్కుమంది. ఇంకోసారి టక్కుమంది. పిల్ల ఆమె అరచేతిని ఒకేచోట పొడుస్తోంది.

వరహాలమ్మ వేళ్లు విప్పింది.